లోయవాళ్లు పెట్టిన వనభోజనం

చిన్లీ ఊరి చివర తారు రోడ్డు ఆగిపోయిన చోట వాగు మొదలవుతుంది. ముందుకు పోవాలంటే ఆ వాగే దారి. జీపు నీళ్లలోకి దిగే ముందు మా గైడు బండి ఆపి కిందికి దిగింది. బూటు మడమతో ఇసుకను రెండు మూడు చోట్ల నొక్కింది. నొక్కిన గుంటలో నీరు ఎంత వేగంగా ఊరుతోందో వంగి చూసింది. ఎడమ ఒడ్డు పట్టుకుని పోదామంది. కుడివైపు ఇసుక కూడా చూడ్డానికి అంతే గట్టిగా ఉంది, పైగా నున్నగా పరుచుకుని ఉంది. అది ఊబి. కిందటి వారం కురిసిన వాన తాలూకు నీరు ఇంకా అడుగున ఉందని, అక్కడ దిగబడిన బండిని లాగాలంటే ఇంకో బండి, మరో పూట కావాలని చెప్పింది.

అమెరికాలో అరిజోనా రాష్ట్రానికి ఈశాన్య మూలన ఉన్న ఈ లోయ పేరు కాన్యన్ డి షే. ఫీనిక్స్ నుంచి కారులో అయిదు గంటల పైచిలుకు ప్రయాణం. మా అక్కావాళ్లు ఉండే చాండ్లర్‌లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. సెలవులొస్తే అందరిదీ దాదాపు ఒకటే బాట. గ్రాండ్ కాన్యన్, హార్స్‌షూ బెండ్, యాంటెలోప్ కాన్యన్, తిరుగుదారిలో వేగాస్. ఆ బాటకి ఇంత దగ్గర్లో ఉండి కూడా డి షే పేరు మనవాళ్ల నోట పెద్దగా వినపడదు. నిజానికి పిల్లాపాపలతో వెళ్లి, తిని, కూర్చుని, నలుగురితో మాట్లాడి రావడానికి ఆ చుట్టుపక్కల ఇంతకు మించిన చోటు లేదని నా నమ్మకం. యాంటెలోప్‌లో మనల్ని జట్లు జట్లుగా లోపలికి పంపుతారు, వెనక జట్టు వచ్చేలోగా ఫొటో తీసుకుని ముందుకు కదలాలి. ఇక్కడ బండి మనది, గైడు మనతోనే, రోజంతా మనదే. అక్టోబరు చివర్లో మేం వెళ్లినప్పుడు బండిలో అక్కా బావా, వాళ్ల పిల్లలిద్దరూ, నేనూ.

ఈ లోయలోకి గైడు లేకుండా అడుగు పెట్టకూడదు. గైడు కూడా ఇక్కడి ఆదివాసులైన నవాహో జాతి అనుమతి పొందినవాళ్లే అయి ఉండాలి. ఎవరికి వాళ్లు దిగి రాగలిగిన దారి ఒక్కటే ఉండేది, వైట్ హౌస్ ట్రెయిల్ అని. దాన్నీ 2020లో మూసేశారు. లోయ అంచు వెంట ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి రోడ్లున్నాయి. వాటి మీద ఎవరైనా ఉచితంగా తిరిగి పైనుంచి లోయను చూసుకోవచ్చు. కిందికి దిగాలంటే మాత్రం లోయవాళ్లు వెంట ఉండాల్సిందే.

ఈ నియమం వెనుక చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1931 ఏప్రిల్ 1న అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. నేషనల్ పార్క్ సర్వీస్ బోర్డులు కనిపిస్తాయి, రేంజర్లుంటారు. కానీ ఈ 84 వేల ఎకరాల్లో భూమి మీద హక్కు నవాహోలది. వాళ్ల సమ్మతి తీసుకున్నాకే ఆ ప్రకటన వచ్చింది. కొన్ని పదుల కుటుంబాలకు ఇప్పటికీ లోయ అడుగున పొలాలున్నాయి. వేసవిలో మొక్కజొన్న వేస్తారు, గొర్రెల్ని మేపుతారు, చలి ముదిరితే పైకి వెళ్లిపోతారు. దాదాపు 5 వేల ఏళ్లుగా ఇక్కడ ఎవరో ఒకరు బతుకుతూనే ఉన్నారు. అంటే మనం దిగుతున్నది ఒకరి వాకిట్లోకి. గైడును వెంట తీసుకెళ్లడాన్ని పర్యాటకుడి మీద పెట్టిన ఆంక్షగా చూసేవాళ్లుంటారు. నేను అలా అనుకోను. ఊరికి కొత్తవాణ్ని ఆ ఊరివాళ్లొకరు చెయ్యి పట్టుకుని తిప్పడం మర్యాద, అవసరం కూడా.

మా గైడు యాభై దాటిన మనిషి. జుట్టు వెనక్కి ముడిచి తెల్ల ఊలుదారంతో చుట్టుకుంది, చేతికి నీలిరాళ్లు పొదిగిన వెండి కడియం. పేరు చెప్పాక అంతటితో ఆపలేదు. తాను చేదునీటి వంశం ఆడబిడ్డనని, ఉప్పు వంశానికి పుట్టానని, తల్లి తండ్రిది ఫలానా వంశం, తండ్రి తండ్రిది ఫలానా వంశం అని నాలుగూ వరసగా చెప్పింది. దినేలు (నవాహోలు తమను తాము పిలుచుకునే పేరు అది) ఎవరినైనా కలిస్తే ముందు ఇలాగే చెప్పుకుంటారు. ఒకే వంశంవాళ్లు ఒకరినొకరు పెళ్లాడకూడదు. ఇది వినగానే మా బావ, “మాకూ గోత్రాలున్నాయండీ, సగోత్రంలో సంబంధం చెయ్యరు” అన్నాడు. ఆవిడ ముఖం విప్పారింది. “మీ గోత్రం అమ్మ నుంచి వస్తుందా?” అని అడిగింది. నాన్న నుంచి అని చెబితే, తమలో వంశం తల్లి నుంచే వస్తుందని, లోయలోని పొలం కూడా చాలా ఇళ్లలో తల్లి నుంచి కూతురికే దక్కుతుందని చెప్పింది. ఆవిడ పొలం అమ్మమ్మది. అక్కడి నుంచి సాయంత్రం దాకా మా అక్క ఆవిడ పక్క సీటు వదల్లేదు.

లోయ ముఖం దగ్గర గోడలు 30 అడుగులకు మించవు. పోనుపోను అవే పైకి లేస్తాయి, లోపల వెయ్యి అడుగులు దాటుతాయి. రంగు ఇటుకకీ తేనెకీ మధ్య. దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఎడారి ఉండేది. గాలికి పేరుకున్న ఇసుకతిన్నెలే బిగుసుకుని రాయయ్యాయి. దగ్గరికి వెళ్లి చూస్తే గోడ మీద సన్నటి గీతలు ఏటవాలుగా ఒకవైపుకి వాలి, ఓ అడుగు పైన హఠాత్తుగా మరోవైపుకి తిరుగుతాయి. గాలి దిశ మారినప్పుడల్లా తిన్నె వాలు మారింది, అది రాతిలో అలాగే మిగిలిపోయింది. పై అంచు నుంచి కిందికి జారిన నల్లటి చారలు ఇనుము, మాంగనీసు పేరుకుని ఏర్పడ్డవి. ఎండ పడితే ఆ చారలు నూనె రాసినట్టు నిగనిగలాడతాయి. మా మేనకోడలు చెయ్యి చాపబోయింది. గైడు ఆపింది. చేతి చెమట, జిడ్డు తగిలితే ఆ పొర చెడుతుందట. బొమ్మలున్న గోడల దగ్గరైతే అసలు ముట్టుకోకూడదు.

బొమ్మలు చాలానే ఉన్నాయి. లోయ కొంత దూరం పోయాక రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే వైట్ హౌస్ శిథిలాలు. తెల్ల పూత పూసిన గోడతో, కొండ బొరియలో కట్టిన రాతి ఇళ్లు. నవాహోలకన్నా ముందున్న ప్యూబ్లో పూర్వీకులు పదకొండో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా అక్కడ కాపురం ఉన్నారు. 1873లో తిమోతీ ఓసలివన్ తీసిన ఫొటోతో ఆ చోటు ప్రపంచానికి తెలిసింది. మేం ఎడమకు తిరిగాం. ఆ చీలిక పేరు కాన్యన్ డెల్ మ్యూర్టో. జనం తక్కువ, కథలు ఎక్కువ. అక్కడి యాంటెలోప్ హౌస్ శిథిలాల పక్కన గోడ మీద పరుగెత్తుతున్న జింకల బొమ్మలు వేసింది దిబే యాజీ అనే నవాహో చిత్రకారుడని, 1830ల నాటివని చెబుతారు. తొడ కండరం మీద వెలుగు పడ్డట్టు తెలుపు అద్దాడు. ఇంకాస్త లోపల, నీలం, తెలుపు రంగుల్లో నిలబడ్డ ఆవు బొమ్మ ఒకటుంది. దానికి కొంచెం అవతల గుర్రాల మీద వస్తున్న స్పానిష్ సైనికుల వరస. పొడవాటి అంగీలు, నెత్తిన వెడల్పు టోపీలు, చేతుల్లో తుపాకులు.

ఆ వరస ముందు ఆవిడ చాలాసేపు నిలబడింది. 1805 చలికాలంలో అంతోనియో నర్బోనా నాయకత్వంలో స్పానిష్ దండు ఈ లోయలోకి వచ్చింది. జనం పైన ఒక గుహలో దాక్కున్నారు. సైనికులు లోయ అంచు మీది నుంచి గుహ లోపలికి కాల్చారు. 115 మందిని చంపామని నర్బోనా పై అధికారులకు రాసుకున్నాడు, అందులో ఎక్కువమంది యోధులేనన్నాడు. మగవాళ్లు వేటకు వెళ్లిన సమయమని, చనిపోయింది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లని నవాహోలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఒకే సంఘటనకు ఒకవైపు దస్తావేజు ఉంది, మరోవైపు ఇళ్లలో చెప్పుకున్న మాట ఉంది. ఆవిడ రెండూ చెప్పింది, తాను ఏది నమ్ముతుందో కూడా దాచుకోలేదు.

మధ్యాహ్నానికి యాంటెలోప్ హౌస్‌కి ఎదురుగా, కాటన్‌వుడ్ చెట్ల కింద బండి ఆపింది. ఆకులన్నీ పసుపు తిరిగి ఉన్నాయి. ఆవిడ చెల్లెలు ముందే ఇంకో బండిలో వచ్చి జునిపర్ కట్టెలు రాజేసి, బొగ్గులయ్యేదాకా ఆగి, ఇనుప జల్లెడ పరిచింది. గొర్రె పక్కటెముకల ముక్కలు, ఉప్పు తప్ప ఏ మసాలా లేకుండా, వాటి కొవ్వులోనే కాలుతున్నాయి. పక్కన పచ్చిమిరపకాయలు పొట్టు నల్లబడేదాకా కాల్చింది. ఇంకో గిన్నెలో ఆవిరికి ఉడికించి ఎండబెట్టిన మొక్కజొన్న గింజలతో చేసిన పులుసు. మాంసం తినని మా అక్క కోసం అందులో మాంసం వెయ్యకుండా విడిగా తీసి పెట్టింది. నీలి మొక్కజొన్న పిండితో కాచిన జావ కూడా ఉంది. అందులో జునిపర్ ఆకులు కాల్చి జల్లించిన బూడిద చెంచాడు కలుపుతారు. రంగు నిలబడుతుంది, ఒంటికి కాల్షియం దొరుకుతుంది. పాలు పెద్దగా తాగని జాతికి అది అక్కరకొచ్చింది.

రొట్టె చేయడం మాత్రం దగ్గర కూర్చుని చూశాను. మైదాపిండి, బేకింగ్ పౌడర్, ఉప్పు, గోరువెచ్చని నీళ్లు. ముద్దని ఎక్కువ పిసకదు, పిసికితే రొట్టె సాగుతుందంటుంది. నిమ్మకాయకి రెట్టింపు ఉండను ఈ అరచేతి నుంచి ఆ అరచేతికి తట్టుతూ తిప్పుతూ పెద్దది చేస్తుంది, పిండి తన బరువుకి తానే సాగుతుంది. నూనెలో వేసే ముందు నడిమధ్య వేలితో చిన్న చిల్లు పెడుతుంది. చిల్లు లేకపోతే మధ్యలో ఉబ్బి పచ్చిగా ఉండిపోతుందట. నూనెలో పడగానే బుడగలు లేచి, రెండు నిమిషాల్లో గోధుమరంగుకి తిరుగుతుంది. దాంట్లో కాల్చిన మాంసం, మిరపకాయ పెట్టి మడిచి ఇస్తుంది. మా మేనల్లుడు మూడోది అడుగుతుంటే ఆ చెల్లెలు, “ఈ రొట్టె మా వంట కాదు బాబూ, సైన్యం మాకిచ్చిన వంట” అంది.

మేం కూర్చున్న చోటు నుంచి తలెత్తితే ఎదురుగా ఓ ఎర్రరాతి దిమ్మ, చుట్టూ నిలువు గోడలతో విడిగా నిలబడి ఉంటుంది. నవాహో ఫోర్ట్రెస్ అంటారు. 1863 చివర, కిట్ కార్సన్ నడిపిన అమెరికా సైన్యం తమ మీదికి వస్తోందని తెలిసి 300 మంది దాకా ఆ దిమ్మ మీదికి ఎక్కారు. రాతి చీలికలకి చెట్ల మొద్దులు నిచ్చెనలుగా ఆనించి ఎక్కి, వెంటనే వాటిని పైకి లాగేసుకున్నారు. ఎండు మాంసం, మొక్కజొన్న ముందే పైకి చేర్చుకున్నారు. నీళ్లు అయిపోతే రాత్రిళ్లు సైనికులు నిద్రపోయాక, యుక్కా మొక్క నారతో పేనిన తాళ్లకి సొరబుర్రలు కట్టి కింద వాగులోంచి చేదుకున్నారని ఆవిడ అమ్మమ్మ చెప్పేదట.

దిమ్మ ఎక్కినవాళ్లు చిక్కలేదు. మిగతావాళ్లను లొంగదీయడానికి కార్సన్ వాళ్ల తిండిని నాశనం చేశాడు. పొలాలు తగలబెట్టించాడు, గొర్రెల్ని చంపించాడు, పాతరల్లోని మొక్కజొన్న కాల్పించాడు. 1864 జనవరిలో కెప్టెన్ ఫైఫర్ దళం సరిగ్గా మేం కూర్చున్న ఈ చీలిక గుండానే నడిచింది. ఆకలికీ చలికీ తాళలేక జనం లొంగిపోయారు. 300 మైళ్లకు పైగా నడిపించి, న్యూమెక్సికోలో పెకోస్ నది ఒడ్డున ఉన్న బాస్కె రెడోండో శిబిరానికి తోలారు. నడవలేనివాళ్లు దారిలోనే పోయారు. శిబిరంలో ఎనిమిది వేలమందికి పైగా ఉండేవారు. ఉప్పునీళ్లు, పురుగు పట్టిన పంట, వంటకి కట్టెల్లేవు. సైన్యం ఇచ్చే రేషన్ అంతకుముందు ఎప్పుడూ ఎరగని తెల్లపిండి, పందికొవ్వు. వాటితో ఏం చెయ్యాలో తెలియని ఆడవాళ్లు చేసుకున్నదే ఈ రొట్టె. నాలుగేళ్లలో రెండు వేలమందికి పైగా చనిపోయారు.

1868లో చర్చలకు అమెరికా ప్రభుత్వం తరఫున జనరల్ షెర్మన్ వచ్చాడు. నవాహోల తరఫున ముందుండి మాట్లాడిన బార్బొన్‌సితో ఈ లోయలో పుట్టినవాడే. ఓక్లహోమా వైపు పంపుతామంటే ఒప్పుకోలేదు, తమ నేలకే వెళ్తామని పట్టుబట్టాడు. జూన్ 1న సంధి కుదిరింది. సొంత ఊళ్ల నుంచి తరిమేసిన ఆదివాసుల్లో మళ్లీ సొంత నేలకే తిరిగి వెళ్లగలిగినవాళ్లు అమెరికా చరిత్రలో బహు తక్కువ. సంధిలో 15 వేల గొర్రెలు, మేకలు ఇస్తామన్న మాట కూడా ఉంది. ఆ మందలు పెరిగి పెద్దవయ్యాక, 1930లలో మేత నేల పాడవుతోందంటూ ప్రభుత్వమే లక్షల జీవాల్ని తగ్గించింది. కొన్నిచోట్ల కాల్చి అక్కడే వదిలేశారు. మా పళ్లెంలోని మాంసం గురించి ఆ చెల్లెలు చెప్పింది ఇదే. ఆమె నాయనమ్మ కళ్ల ముందు మందని కాల్చారట. ఆ ముసలావిడ చివరి రోజుదాకా గొర్రెపిల్ల పుడితే దాని చెవిలో ఏదో చెప్పేదట.

భోజనం చివర గుడ్డసంచీ విప్పి ఎండబెట్టిన పీచ్ పళ్ల ముక్కలు పంచారు. తోలులా ముడుచుకుని, నోట్లో నానేకొద్దీ పుల్లగా, ఆ తర్వాత తియ్యగా. స్పానిష్‌వాళ్లతో ఈ ప్రాంతానికి వచ్చిన పీచ్ చెట్టును ఈ లోయవాళ్లు తమ సొంతం చేసుకున్నారు. గింజ నాటి పెంచేవాళ్లు, పళ్లను కోసి బండల మీద ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవాళ్లు. జనాన్ని తరలించాక, 1864 వేసవిలో కెప్టెన్ జాన్ థాంప్సన్ మనుషులు గొడ్డళ్లతో వచ్చి ఆ తోటల్ని వేల సంఖ్యలో నరికారు. అప్పటికి లోయలో ఎదిరించేవాళ్లు పెద్దగా మిగల్లేదు. తిరిగి వచ్చే ఆశ మిగలకుండా చెయ్యడానికే నరికారని మా గైడు అంది. ఆ మాట కాదనడానికి నాకు కారణం కనిపించలేదు. తిరిగి వచ్చినవాళ్లు మళ్లీ గింజలు నాటారు. యూటా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కొన్నేళ్లుగా నవాహో, హోపీ ఊళ్లలో మిగిలిన పాత రకాల గింజలు సేకరించి పెంచుతున్నారు. మా చేతిలోవి ఆవిడ అమ్మమ్మ పొలంలో చెట్టువి. ఆ చెట్టు వయసు ఎంతో ఎవరూ లెక్క పెట్టలేదుగానీ, పంట వచ్చిన ఏడాది ఇంటింటికీ ఓ సంచీ వెళ్తుందట.

ఇంత విన్నాక పూర్వకాలం తలుచుకుని బాధపడి వచ్చెయ్యడం సులువే. కానీ వీళ్ల కష్టాల్లో చాలావి ఇప్పటివి. నవాహో నేషన్ అని పిలిచే వాళ్ల సొంత ప్రాంతం విస్తీర్ణం 70 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి మించి. జాతి సభ్యులు 4 లక్షలమంది దాకా ఉన్నారు. నేషన్‌లోని దాదాపు మూడోవంతు ఇళ్లకు ఇప్పటికీ కొళాయి నీళ్లు లేవు, డ్రమ్ములు బండిలో వేసుకుని పోయి తెచ్చుకుంటారు. తమకు నీళ్లు సమకూర్చే బాధ్యత 1868 సంధి ప్రకారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టుకు వెళ్తే, 2023 జూన్‌లో 5-4 తేడాతో ఓడిపోయారు. తిండి సంగతీ అంతే. మధుమేహం ఎక్కువ కావడంతో 2014లో వాళ్ల ప్రభుత్వమే చిరుతిళ్లు, శీతలపానీయాల మీద 2 శాతం పన్ను వేసింది. వేపుడు రొట్టె ఇప్పుడు వాళ్ల ఇళ్లలోనే వాదన. పండగ వంట అనేవాళ్లున్నారు, శిబిరంలో నేర్చుకున్న తిండి ఇక చాలనేవాళ్లున్నారు. మా గైడు నెలకోసారే తింటానంది, ఆ నెలవంతు ఆ రోజే పూర్తిచేసింది.

సాయంత్రం పైకి వచ్చాక దక్షిణపు అంచు రోడ్డు చివరిదాకా వెళ్లి స్పైడర్ రాక్ చూశాం. లోయ అడుగు నుంచి దాదాపు 800 అడుగులు ఒంటరిగా లేచిన రాతి స్తంభం. దినేలకు మగ్గం నేర్పిన సాలెతల్లి ఉండేది దాని మీదే. మాట వినని పిల్లల్ని పైకి ఎత్తుకుపోతుందని, కొన తెల్లగా ఉండటం ఆ పిల్లల ఎముకల వల్లేనని అక్కడి ఇళ్లలో చెబుతారు. మా మేనల్లుడు కొనవైపు చాలాసేపు చూసి, అక్క చెయ్యి పట్టుకున్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. అరిజోనా గడియారం ఏడాది పొడవునా మారదు, నవాహో నేషన్‌లో మాత్రం మార్చి నుంచి నవంబరు దాకా ఓ గంట ముందుకు జరుపుతారు. ఫీనిక్స్ టైము చూసుకుని వెళ్తే గైడు మీకోసం గంట ఎదురుచూడాల్సి వస్తుంది. మద్యం నవాహో నేల మీద నిషిద్ధం, కారు డిక్కీలో ఉన్నా తప్పే. డ్రోన్లు ఎగరేయకూడదు. ఇళ్లు, మనుషుల ఫొటోలు అడగకుండా తియ్యకండి. శిథిలాల్లోకి నవాహోలు తామే అడుగు పెట్టరు, పోయినవాళ్ల చోటని వాళ్ల నమ్మకం. మీరూ కంచె బయటి నుంచే చూడండి. భోజనం కావాలంటే ముందే చెప్పాలి, శాకాహారమైతే ఆ సంగతి ఇంకా ముందే చెప్పాలి. గైడు రుసుము కాక వండిపెట్టినవాళ్లకి విడిగా నగదు ఇవ్వడం బాగుంటుంది. వసంతంలో ఎగువన చుస్కా కొండల మంచు కరిగి వాగు నిండుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానలు. ఆకాశం మన నెత్తిన నిర్మలంగా ఉన్నా, ఎగువన ఎక్కడో కురిసిన వాన గంటలో ఇక్కడికి చేరుతుంది. 1997 ఆగస్టు 12న యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు కొట్టుకుపోయింది అలాంటి నీటికే. కాబట్టి ఆ ఉదయం మీ గైడు వాగు చూసి ఈ రోజు వద్దంటే, హోటల్ డబ్బులు పోతాయని బతిమాలకండి. ఇంకో రోజు అడగండి, ఇస్తారు.